మైకుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య: నల్లగొండ, పాలమూరు సభా వేదికలపై అవరోధాల పొందిక

వ్యాససంగ్రహం

దక్షిణ తెలంగాణ మెరక నేలల్లో బహిరంగ సభ, జానపద ప్రదర్శన రెండూ మనిషి గొంతు చేరగల దూరానికి లోబడి రూపుదిద్దుకున్నాయి. మైకు ఆ హద్దును చెరిపిందనేది సాధారణాభిప్రాయం. మైకు ఒక్కటే ఆ పని చేయలేదు. మైకు అవరోధానికీ ఆంప్లిఫయర్ తొలి దశ అవరోధానికీ పొందిక కుదిరిన మేరకే మాట స్పష్టంగా దూరం వెళ్ళింది. కుదరని చోట శబ్దం వెళ్ళింది, మాట వెళ్ళలేదు. వాల్వుల కాలం నుండి ట్రాన్సిస్టర్ల కాలానికి జరిగిన మార్పు ఈ పొందికను ఎలా మార్చిందో, దాని ప్రభావం వక్తలపై, కథకులపై ఎలా పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: అవరోధం, మైకు, ఆంప్లిఫయర్, ఆంధ్ర మహాసభ, బుర్రకథ, ఒగ్గుకథ, కిన్నెర, నల్లగొండ, మహబూబ్‌నగర్.

ఉపోద్ఘాతం

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ‘మైకు’ అనే మాటకు నిఘంటువు ఇచ్చే అర్థం చాలదు. పెళ్ళింట మైకు పెట్టారంటే వేపచెట్టుకు కట్టిన బూర, ఆంప్లిఫయర్ పెట్టె, బ్యాటరీ, రికార్డులు తిప్పే యంత్రం, వాటిని బండి మీద వేసుకొచ్చిన మనిషి, అంతా కలిపి మైకే. గుట్ట మీది గుడి నుండి మైకు వినబడుతోందని అంటారు. వినబడేది నిజానికి స్పీకరు. మాట్లాడేవాడి నోటి ముందున్న చిన్న పరికరం పేరు మొత్తం వ్యవస్థకు పేరైంది. భాషాశాస్త్ర దృష్టితో చూస్తే ఇది లక్షణార్థమే. చరిత్ర దృష్టితో చూస్తే మాత్రం ఈ వాడుక ఒక ముఖ్యమైన భాగాన్ని కప్పివేసింది. మైకుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఉన్న అతుకు ఎవరి మాటలోకీ రాలేదు. అది సరిగా ఉన్నప్పుడు ఎవరికీ కనిపించదు. సరిగా లేనప్పుడు ‘మైకు బాగా లేదు’ అనే ఒక్క మాటతో తేలిపోతుంది.

రాజకీయ సభల చరిత్రలోనూ ఇదే జరిగింది. అధ్యక్షులెవరు, తీర్మానాలేమిటి, జనం ఎందరు వచ్చారు అన్న ప్రశ్నలకు గ్రంథాల్లో సమాధానాలున్నాయి. వచ్చిన జనంలో చివరి వరుసవారికి ఏం వినబడింది అన్న ప్రశ్నకు చోటు తక్కువ. ఉపన్యాసాన్ని పాఠంగా చదివే అలవాటు ఇందుకు కారణం కావచ్చు. అచ్చులో ఉన్న ఉపన్యాసంలో ప్రతి అక్షరం స్పష్టంగానే ఉంటుంది.

ఈ వ్యాసంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ అంటే 2016 పునర్విభజనకు ముందున్న జిల్లాలు. అంతకు పూర్వపు సందర్భాల్లో నాటి సరిహద్దులే వర్తిస్తాయి. ఉదాహరణకు, జనగామ తాలూకా 1953 దాకా నల్లగొండలో భాగం. షాద్‌నగర్ మహబూబ్‌నగర్ జిల్లాలోనిది.

తోడుగొంతు, బుర్ర, కొమ్ము

నిజాం రాజ్యంలో బహిరంగ సభ జరపడమే ఒక పోరాటం. గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్నంతకాలం ముందస్తు అనుమతి లేనిదే సభ సాగేది కాదు. ఆ పరిమితుల నడుమనే ఆంధ్ర మహాసభ రెండవ సమావేశం 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన, అయిదవది 1936లో షాద్‌నగర్‌లో కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షతన జరిగాయి. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదకొండవ సమావేశం తరువాత మహాసభ పల్లెజనం నోట ‘సంగం’ అయింది. ప్రతినిధులు కూర్చొని తీర్మానాలు చర్చించే సభకూ, ఊరి నడుమ రచ్చబండ దగ్గర కూలీలు, రైతులు గుమిగూడే సభకూ మధ్య రాజకీయ భేదంతో పాటు శ్రవణ భేదం కూడా ఉంది. మొదటిదానికి పందిరి, వరుసలు, నిశ్శబ్దం ఉంటాయి. రెండవదానికి ఇవేవీ ఉండవు.

ఆ రెండవ రకం సభను నిలబెట్టింది జానపద కళారూపాలే. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను ఉద్యమ ప్రచారానికి వాడిన తీరు తెలిసినదే. ఈ రూపాలు ఎందుకు అంత బాగా పనిచేశాయన్న దానికి విషయం, బాణీ, జనసామీప్యం కారణాలుగా చెబుతారు. వీటికి మరొకటి చేర్చాలి. ఇవి మైకు లేని కాలపు ధ్వని విజ్ఞానం తమలో ఇముడ్చుకున్న రూపాలు. బుర్రకథలో కథకుడు ఒక వాక్యం అంటాడు, వంతలు దాన్ని అందుకుంటారు, ఒకరు ప్రశ్నిస్తారు, మరొకరు చమత్కరిస్తారు. సారాంశం మూడు గొంతుల్లో మూడుసార్లు జనంలోకి వెళుతుంది. మొదటిసారి గాలికి పోయిన మాట రెండోసారి దొరుకుతుంది. కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి చిక్కుతుంది. ఒగ్గుకథలోనూ ప్రధాన కథకుడి మాటను పక్కవాద్యగాళ్ళు ఎత్తుకునే పద్ధతి ఉంది. బహిరంగ స్థలంలో దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్ద స్థాయి సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. ఆ నష్టాన్ని గొంతు పెంచి కొంత, మాటను మళ్ళీ చెప్పి కొంత పూడ్చారు.

వాద్యాల్లో ఇదే సమస్యకు మరో రకం పరిష్కారం కనిపిస్తుంది. బిగించిన తీగను మీటితే దాని కంపనం గాలికి నేరుగా అందదు. తీగ సన్నది, తనను చుట్టిన గాలిని కోసుకుంటూ పోతుందే తప్ప నెట్టలేదు. తీగలో శక్తి ఉంది, గాలికి తీసుకునే గుణమూ ఉంది, రెండింటికీ పొందిక లేదు. పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెరలో వెదురు దండికి కట్టిన సొరకాయ బుర్రలు ఆ పొందికను కల్పిస్తాయి. తీగ దండిని, దండి బుర్రను, బుర్ర తన విశాలమైన గోడతో గాలిని కదిలిస్తాయి. ఊరేగింపుల్లో ఊదే కొమ్ము కూడా అంతే. పెదవుల దగ్గర ఇరుకైన గొట్టంలోని అధిక పీడనం, కొస దగ్గర విచ్చుకున్న నోటి ద్వారా బయటి గాలికి మెల్లమెల్లగా అలవాటుపడుతుంది. లౌడ్‌స్పీకర్ బూర పనిచేసేది ఈ సూత్రం మీదనే. పల్లెజనం దానిని బూర అని పిలవడంలో పోలిక మాత్రమే కాదు, శాస్త్రం కూడా ఉంది.

అవరోధం అనే భావన

ఒక వలయంలో మారుతున్న విద్యుత్ప్రవాహానికి ఎదురయ్యే మొత్తం అడ్డంకిని అవరోధం అంటారు. నిరోధం దానిలో ఒక భాగం. కెపాసిటెన్స్, ప్రేరకత్వం వల్ల కలిగే ప్రతిరోధం మరొక భాగం. ఇంగ్లీషులో ఇంపెడెన్స్ అనే మాటను 1886లో ఆలివర్ హెవిసైడ్ సృష్టించాడు. శక్తినిచ్చే మూలం అవరోధమూ, దాన్ని స్వీకరించే భారం అవరోధమూ సమానమైనప్పుడు భారానికి గరిష్ఠ శక్తి అందుతుందన్న సూత్రం అంతకుముందే జాకోబీ పేర ప్రసిద్ధం.

మోటబావి చూసిన వారికి ఈ భావన కొత్త కాదు. ఎద్దులు వాలు దారిలో దిగుతూ మోట లాగుతాయి. దారి వాలు, మోట బరువు, ఎద్దుల బలం పొసగితేనే నీళ్ళు పైకి వస్తాయి. మోట మరీ పెద్దదైతే ఎద్దులు కదలవు. మరీ చిన్నదైతే ఎద్దులు ఉత్తగా నడిచిపోతాయి. బలం ఉండడం వేరు, ఆ బలం పనిలోకి దిగడం వేరు.

మైకు విషయంలో ఒక సవరణ అవసరం. ‘మ్యాచింగ్’ అనే మాట విని రెండు అవరోధాలూ సమానంగా ఉండాలని భావించడం పొరపాటు. ప్రయోగశాలల్లోనూ ఈ పొరపాటు వినబడుతుంది. ఆంప్లిఫయర్ తొలి దశకు కావలసింది ప్రధానంగా వోల్టేజి. 200 ఓముల మైకును 200 ఓముల దశకు కలిపితే మైకు పుట్టించిన వోల్టేజిలో సగమే లోపలికి చేరుతుంది. అదే మైకును 2,000 ఓముల దశకు కలిపితే 91 శాతం చేరుతుంది. అందుకే స్వీకరించే దశ అవరోధం మైకు అవరోధానికి అయిదు నుండి పది రెట్లు ఉండడం స్థిరపడిన ఆచారం. సమానత్వ సూత్రం టెలిఫోన్ తీగల నుండి వచ్చింది. మైళ్ళ దూరం సాగే తీగలకు అది అవసరమే. సభావేదికకు అది పరంపరగా అంటుకున్న అలవాటు.

ట్రాన్స్‌ఫార్మర్ ఈ పొందికకు పాత సాధనం. చుట్ల నిష్పత్తి ఎంతో, అవరోధాల నిష్పత్తి దాని వర్గమంత. 200 ఓములను 50,000 ఓములుగా చూపించాలంటే 1:16 చుట్ల నిష్పత్తి చాలు, వోల్టేజి కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. మామూలు మాటకు మైకులో పుట్టేది మిల్లీవోల్టు స్థాయి సంకేతం. దాన్ని వాల్వు సొంత రొద కంటే పైకి ఎత్తడానికి ఈ ఉచిత వృద్ధి ఎంతో విలువైనది.

మైకుల చరిత్ర ఒక రకంగా అవరోధాల చరిత్రే. టెలిఫోన్‌లోని కార్బన్ మైకు అవరోధం తక్కువ. 1910ల చివర వెంటే రూపొందించిన కండెన్సర్ మైకుది అపారం. అందుకే దాని తొలి వాల్వును మైకు వెంటనే అమర్చవలసి వచ్చింది. 1931లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ తెచ్చిన కదిలే తీగచుట్ట మైకు, అంటే డైనమిక్ మైకు, సుమారు 30 ఓములది. రిబ్బన్ మైకు పట్టీ అవరోధం ఒక ఓములో కొంత భాగమే. ట్రాన్స్‌ఫార్మర్ దాని పొట్టలోనే ఉంటుంది. 1939లో షూర్ కంపెనీ తెచ్చిన యూనిడైన్ మైకు నేతల ఛాయాచిత్రాల ద్వారా లోకానికి పరిచయమైంది. దాన్ని తక్కువ, మధ్యమ, అధిక అవరోధాలతో మూడు రకాలుగా అమ్మారు. బయటికి మూడూ ఒకే తీరు. ఏ ఆంప్లిఫయర్‌కు ఏది నప్పుతుందో తెలియకుండా కొన్నవాడికి రూపం మాత్రమే దక్కేది.

స్ఫటికం, వాల్వు, ఎండ

చిన్న పట్టణాల సౌండ్ సర్వీసులకు మొదట అందుబాటులోకి వచ్చిన చౌక మైకుల్లో స్ఫటిక మైకు ముఖ్యమైనది. రోషెల్ లవణపు స్ఫటికాన్ని వంచితే దాని ముఖాల మధ్య వోల్టేజి పుడుతుంది. 1930లలో అమెరికాలోని బ్రష్ సంస్థ ఈ స్ఫటికాలను వాణిజ్య స్థాయికి తెచ్చింది. స్ఫటిక మైకు సంకేతం బలమైనది, ట్రాన్స్‌ఫార్మర్ అక్కరలేదు, ధర తక్కువ. దాని అవరోధం చాలా ఎక్కువ. అది వాల్వు గ్రిడ్‌కు సరిగ్గా నప్పుతుంది, ఎందుకంటే గ్రిడ్ ప్రవాహాన్ని దాదాపు తీసుకోదు. స్ఫటికాన్ని సుమారు 1,500 పికోఫారడ్ల కెపాసిటర్‌గా భావిస్తే, 10 లక్షల ఓముల గ్రిడ్ నిరోధం మీద అది 106 హెర్ట్జ్ వరకు మంద్ర స్వరాన్ని కాపాడుతుంది. మగగొంతుకు అది చాలు.

అయితే రోషెల్ లవణానికి 55 డిగ్రీల సెల్సియస్ దాటితే మనుగడ లేదు. స్ఫటికంలోని నీరు విడిపోయి పరికరం శాశ్వతంగా పాడవుతుంది. నల్లగొండ మెరకల్లో మే నెల నీడలోనే 45 డిగ్రీలు తాకుతుంది. ఎండలో నిలబెట్టిన లోహపు మైకు, బండి మీద టార్పాలిన్ కింద ప్రయాణించిన పెట్టె అంతకంటే ఎంతో వేడెక్కుతాయి. శీతల దేశంలో పుట్టిన పరికరానికి ఈ నేల ఎండాకాలమే పెద్ద పరీక్ష. పంటలు ఇంటికి చేరి పెళ్ళిళ్ళు, సభలు జరిగే కాలం కూడా అదే. భూదాన ఉద్యమానికి పోచంపల్లిలో నాంది పడిన 1951 ఏప్రిల్ 18 ఆ ఎండాకాలపు దినాల్లోనిదే. బేరియం టైటనేట్ ఆధారిత సెరామిక్ మైకులు తరువాత ఈ బలహీనతను తగ్గించాయి, అవరోధాన్ని మాత్రం తగ్గించలేదు.

అధిక అవరోధపు డైనమిక్ మైకుది మరో కథ. ఇది లోపల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకొని 50,000 ఓములుగా కనిపిస్తుంది. తీగ పొట్టిగా ఉన్నంతసేపు చిక్కు లేదు. తొడుగు తీగకు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. వేదికకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య 20 మీటర్ల తీగ వేస్తే 2,000 పికోఫారడ్లు. ఉజ్జాయింపు లెక్కలో 1,600 హెర్ట్జ్ దగ్గర నుండే పై స్వరాలు జారిపోవడం మొదలవుతుంది. 200 ఓముల మైకుకు 100 మీటర్ల తీగ వేసినా ఈ హద్దు 79,000 హెర్ట్జ్ పైన, అంటే మనిషి చెవికి అందని చోట ఉంటుంది. తీగ అదే, దూరం అయిదు రెట్లు, నష్టం శూన్యం. మైకు అవరోధం ఒక్కటే తేడా.

1,600 హెర్ట్జ్ పైన తెలుగులో ఏముంటుందన్నది ఇక్కడ అసలు ప్రశ్న. అచ్చుల శక్తిలో ఎక్కువ పాలు 1,000 హెర్ట్జ్‌కు దిగువనే ఉంటుంది. స, శ వంటి ఊష్మాల శక్తి 3,000, 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. క, త, ప వంటి స్పర్శాలను ఒకదాని నుండి మరొకటిగా గుర్తుపట్టించే క్షణికమైన పేలుడు కూడా చాలావరకు పై పౌనఃపున్యాల్లోనిదే. కన్ను, తన్ను, పన్ను అనే మూడు మాటల్లో మొదటి హల్లు మసకబారితే మిగిలేది ఒకే మాట. తెలుగు అజంత భాష కావడంతో పై స్వరాలు పోయినా ధార తెగదు. ఉపన్యాసం లయ, ఆవేశం, వాక్యాంత దీర్ఘాలు అన్నీ చివరి వరుసకు చేరతాయి. మాటలు చేరవు. శ్రోత ముందువారిని చూసి చప్పట్లు కొడతాడు. పన్ను, కౌలు, పట్టా, బేదఖలు వంటి మాటల మీద బతుకు ఆధారపడిన జనానికి జరిగే సభలో ఇది చిన్న నష్టం కాదు.

1952 సార్వత్రిక ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానం నుండి రావి నారాయణరెడ్డి నెహ్రూను మించిన ఓట్లతో గెలిచిన సంగతి ప్రసిద్ధం. ఆ ఎన్నికకు ముందు ఏళ్ళ తరబడి మాట ఇంటింటికీ, గొంతు నుండి గొంతుకూ చేరింది. మైకు ఆ పునాది మీద వచ్చి నిలిచిందే గాని పునాది వేయలేదు. 1955 డిసెంబర్ 10న నందికొండ వద్ద నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిన సభ మరో కోవకు చెందినది. వేదికకూ ఆంప్లిఫయర్లకూ మధ్య వందల అడుగుల తీగ తప్పని అలాంటి సభలకు తక్కువ అవరోధపు మైకే మార్గం. రాజ్యం సభకూ పల్లె సభకూ మధ్య ఉన్న అంతరంలో ఇదీ ఒక పాలు. ఒకదాని ఖర్చులో ట్రాన్స్‌ఫార్మర్ ఇమిడింది, రెండవదాని ఖర్చులో ఇమడలేదు.

రాతినేల, ఎర్తు

ఈ రెండు జిల్లాల నేల ఎక్కువగా గ్రానైటు, పైన పలుచని ఎర్రమట్టి. ఎండాకాలంలో ఆ మట్టి తేమ కోల్పోయి విద్యుత్తుకు అధిక నిరోధం చూపుతుంది. ఎర్తు కడ్డీ దిగగొట్టినా చాలా చోట్ల అది పేరుకు మాత్రమే. ఉప్పు, బొగ్గు నింపి నీళ్ళు పోయడం ఇందుకు వాడుకలో ఉన్న ఉపాయం. అధిక అవరోధపు మైకు తీగ చుట్టుపక్కల 50 హెర్ట్జ్ కరెంటు తీగల నుండి వచ్చే రొదను ఇట్టే పట్టుకుంటుంది. ఆ రొద దిగిపోవడానికి దారి చూపేది తొడుగు, ఎర్తు. ఎర్తు బలహీనమైతే బూరలో గుయ్యిమనే మోత నిలిచిపోతుంది.

తక్కువ అవరోధపు మైకును రెండు సమాన తీగలు, ఒక తొడుగుతో కలిపే పద్ధతిలో ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. రెండు తీగల్లోనూ ఒకే విధంగా చేరిన రొద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పరస్పరం రద్దవుతుంది. గొంతు సంకేతం రెండింటిలో ఎదురెదురుగా ఉంటుంది కనుక మిగులుతుంది. రాతినేలకు తగిన పద్ధతి ఇదే. అయినా పల్లెవేదికలపై ఒంటితీగ పద్ధతే చాలాకాలం సాగింది, ఎందుకంటే దుకాణంలో దొరికే చవక ఆంప్లిఫయర్ వెనుక ఉన్న రంధ్రం ఒంటితీగ పిన్నుకు తగినదే.

ట్రాన్సిస్టర్ తెచ్చిన తికమక

కరెంటు లేని ఊళ్ళో వాల్వు ఆంప్లిఫయర్ నడపడం కష్టం. వాల్వుకు 250 వోల్టుల పైన కావాలి. బ్యాటరీ ఇచ్చే 6 లేక 12 వోల్టుల నుండి ఆ వోల్టేజిని వైబ్రేటర్‌తోనో తిరిగే కన్వర్టర్‌తోనో తయారు చేయాలి. ఫిలమెంట్లు వేడెక్కడానికే బ్యాటరీ శక్తిలో పెద్ద వాటా పోతుంది. ట్రాన్సిస్టర్ నేరుగా 12 వోల్టుల మీద పనిచేస్తుంది, వేడెక్కే దాకా ఆగనక్కరలేదు, దెబ్బకు పగలదు. 1960ల నుండి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీ ట్రాన్సిస్టర్లు దేశంలో దొరకడంతో ఈ మార్పు ఊపందుకుంది. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది 1969లో. కరెంటు స్తంభం చేరకముందే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ చేరిన పల్లెలకు ఈ ప్రాంతంలో కొదవ లేదు.

అయితే అవరోధాల లెక్క తలకిందులైంది. నాటి సాధారణ ట్రాన్సిస్టర్ దశ అవరోధం వెయ్యి, రెండు వేల ఓములు మాత్రమే. వాల్వుకు చక్కగా పాడిన స్ఫటిక మైకును దీనికి కలిపితే మంద్రస్వరం మొత్తం పోయి, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు కీచుగా, నీరసంగా వినబడుతుంది. 50,000 ఓముల డైనమిక్ మైకును 2,000 ఓముల దశకు కలిపితే వోల్టేజిలో 4 శాతం కూడా మిగలదు. దాన్ని పూడ్చడానికి ఆపరేటర్ వాల్యూమ్ పెంచుతాడు. పెంచితే రొద పెరుగుతుంది, బూర శబ్దం మైకులోకి తిరిగివచ్చి కూత పెడుతుంది. కొత్త ఆంప్లిఫయర్ మంచిది కాదన్న అపవాదు ఇలా పుట్టినది. తప్పు ఆంప్లిఫయర్‌ది కాదు, మైకుదీ కాదు. ఒక యుగపు మైకును మరో యుగపు దశకు కట్టడంలో ఉంది.

ఈ తికమకకు రెండు విరుగుళ్ళు దొరికాయి. ఆంప్లిఫయర్ ముందు అధిక అవరోధపు అదనపు దశ అమర్చడం ఒకటి. 200 ఓముల స్థాయి డైనమిక్ మైకును తెచ్చుకోవడం రెండవది. రెండవదే నిలిచింది. తీగచుట్ట, అయస్కాంతం తప్ప లోపల ఏమీ లేని ఆ మైకు ఎండను తట్టుకుంది, బండి కుదుపులను తట్టుకుంది, పొడవు తీగను తట్టుకుంది. ఈ నేలకు తగిన మైకును ఎంపిక చేసింది నిపుణుల నివేదిక కాదు, ఆంప్లిఫయర్‌లో మారిన తొలి దశ.

గొలుసు రెండో కొసలో కూడా ఇదే పొందిక అవసరం. అక్కడి పద్ధతి ముందే స్థిరపడింది. ఆంప్లిఫయర్ నుండి 100 వోల్టుల లైను బయలుదేరుతుంది. ప్రతి బూర దగ్గరా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తన వాటా మాత్రమే తీసుకుంటుంది. పది బూరలు కలిపినా ఆంప్లిఫయర్ కుంగదు. కురుమూర్తి జాతర, పెద్దగట్టు జాతర వంటి విశాల ప్రాంగణాల్లో కిలోమీటరు పొడవున బూరలు మోగించడానికి అవకాశమిచ్చేది ఈ ఏర్పాటే. కరెంటు పంపిణీని చూసి నేర్చిన పద్ధతి కనుక ఆపరేటర్లకు ఇది తేలికగా అబ్బింది. మైకు వైపు సంకేతం కంటికి కనబడని చిన్నది కనుక అక్కడి పొందిక ఆలస్యంగా అర్థమైంది.

కథకుడు, మైకు కర్ర

ఈ మార్పులన్నీ ఎక్కువగా తాకినది కథకుడిని. వక్త నిలబడి మాట్లాడతాడు, మైకు కర్ర అతనికి అడ్డు కాదు. బుర్రకథకుడు ముందుకు రెండడుగులు వేసి, వెనక్కి తగ్గి, వంత వైపు తిరిగి, మళ్ళీ జనం వైపు తిరుగుతాడు. ఒగ్గు పూజారి డోలు దరువుకు వలయంగా తిరుగుతాడు. ఒకే మైకు, పొట్టి తీగ, ఆంప్లిఫయర్ పక్కనే ఉండక తప్పని అధిక అవరోధం, ఈ మూడూ కలిసి అతన్ని ఒక చోట కట్టేశాయి. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే 6 డెసిబెళ్ళు పోతాయన్న పాత సూత్రం ఇప్పుడు అడుగుల్లో కాక అంగుళాల్లో వర్తించింది. అడుగు వెనక్కి వేస్తే గొంతు మాయమవుతుంది కనుక అడుగులు తగ్గాయి.

వంతల సంగతి ఇంకా కఠినం. ఉన్న ఒక్క మైకు కథకుడి ముందు ఉంటుంది. పక్కనున్న వంతల గొంతు దానిలో సగం సగం పడుతుంది. ఒకప్పుడు మాటను దూరం చేర్చడానికి పుట్టిన తోడుగొంతు, ఇప్పుడు దూరాన వినబడని గొంతు అయింది. కథకుడి మాట మొదటిసారే చివరి వరుసకు చేరుతుంటే దాన్ని మళ్ళీ చెప్పే పని అనవసరంగా తోస్తుంది. వంత పాత్ర హాస్యానికి కుదించుకుపోవడాన్ని సినిమా, టెలివిజన్ ప్రభావంగా చెప్పి ఊరుకోవడం తేలిక. వేదిక మీద ఎన్ని మైకులున్నాయో, అవి ఏ దశకు కలిపి ఉన్నాయో కూడా పరిశీలించకుండా ఆ నిర్ణయానికి రావడం తొందరపాటు. నాటి చవక ఆంప్లిఫయర్‌లో రెండు మైకులను ఒకే రంధ్రానికి సమాంతరంగా కలిపితే ఒకదాని అవరోధం మరొకదానికి భారమై రెండూ నీరసిస్తాయి. వంతకు రెండో మైకు ఇవ్వకపోవడంలో అనాదరం కంటే ఈ అశక్తత పాలే ఎక్కువ.

రేడియో ఈ విషయంలో భిన్నమైన చోటు. నిజాం ప్రభుత్వం 1935లో చేపట్టిన హైదరాబాద్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. స్టూడియోలో తక్కువ అవరోధపు మైకులు, ఒక్కోదానికి విడి దశ, కలగలిపే ఏర్పాటు ఉంటాయి. జనగామ ప్రాంతం నుండి వచ్చిన చుక్క సత్తయ్య వంటి ఒగ్గు కళాకారుల గొంతు రేడియోలో వినబడిన తీరుకూ, జాతర బూరలో వినబడిన తీరుకూ తేడా కళాకారుడిలో లేదు. రికార్డుల ఆధారంగా జానపద గాన శైలిని విశ్లేషించేవారు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

కిన్నెర ముందు మైకు

సొరకాయ బుర్రలు ఎంత పొందిక కుదిర్చినా కిన్నెర నెమ్మదైన వాద్యమే. పండుగ సాయన్న కథ పాడే కళాకారుడి చుట్టూ చేరిన పది, ఇరవై మంది వినడానికి తగినంత ధ్వని దానిది. పెద్ద సభలో అది గొంతు కింద అణగిపోతుంది. బూరల యుగమంతా కిన్నెర పెద్ద వేదికలకు దూరంగా ఉండడానికి ఇదీ ఒక కారణం.

దర్శనం మొగిలయ్య కిన్నెరను లోకం విన్నది ఇటీవలి కాలంలో. 2021లో విడుదలైన ‘భీమ్లా నాయక్’ సినిమా శీర్షిక గీతం ఆయన గొంతుతో మొదలవుతుంది. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ఈ దశలో మైకు లోపలి పొందిక పూర్తిగా మారిపోయి ఉంది. 1962లో బెల్ ప్రయోగశాలల్లో సెస్లర్, వెస్ట్ రూపొందించిన ఎలెక్ట్రెట్ మైకు కండెన్సర్ జాతిదే. గుండీ అంత గుళికలో కెపాసిటెన్స్ కొద్ది పికోఫారడ్లు మాత్రమే. వేళ్ళ పొడవు తీగ కలిపినా సంకేతం ఆవిరవుతుంది. అందుచేత ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్‌ను ఆ గుళికలోనే పెట్టారు. అపారమైన అవరోధాన్ని స్వీకరించి, రెండు వేల ఓముల లోపు అవరోధంతో బయటికి ఇచ్చే పని అదే చేస్తుంది. కండెన్సర్ మైకు వెంట తొలి వాల్వును అమర్చిన వెంటే కాలపు పరిష్కారమే ఇది, వేలిగోరంత పరిమాణంలో.

అలాంటి మైకును కిన్నెర బుర్ర అంచున బిగించవచ్చు, ఒగ్గు కళాకారుడి చొక్కాకు తగిలించవచ్చు. తీగలేని పరికరం తోడైతే వలయంగా తిరగడానికి అడ్డు లేదు. ఇప్పటి బుర్రకథ వేదికలపై వంతలిద్దరికీ విడివిడి మైకులు కనిపిస్తున్నాయి, ఒక్కోదానికి మిక్సర్‌లో విడి దశ ఉంటుంది. వంత గొంతు మళ్ళీ కథకుడి గొంతుతో పాటు చివరి వరుస దాకా వెళుతోంది. అయితే మూడు గొంతుల పాళ్ళు నిర్ణయించేది ఇప్పుడు కథకుడు కాదు, వేదికకు ఎదురుగా మిక్సర్ ముందు కూర్చున్న మనిషి.